పేరమ్మ పీట

ముందుసీటు యూమేదే. అది ఆవిడకు ఎవరూ రాసివ్వలేదు. వ్యాను ఇంటి ముందు ఆగగానే ఆవిడే తలుపు తీసుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది, కాళ్ళ దగ్గరున్న గుడ్డసంచీ మీద చెప్పులతో సహా పాదాలు ఆనించింది. ఆ సంచీ తమ్ముడి పెళ్ళాం చూన్‌యేది. అందులో అగరొత్తులు, పోయినవాళ్ళ పేరు చెప్పి తగలబెట్టే పసుపు కాగితాల కట్టలు, చూన్‌యే వాళ్ళమ్మకు ఇష్టమైన నువ్వుండలు ఉన్నాయి.

"వదినా, ఆ సంచీ కాస్త ఇటివ్వండి. అమ్మ సమాధి దగ్గరికి తీసుకెళ్ళేవి" అంది చూన్‌యే వెనక వరుసలోంచి.

"ఇక్కడుంటే దానికేం కాదులే. కాళ్ళకి మెత్తగా ఉంది" అంది యూమే వెనక్కి తిరక్కుండానే. "అందరూ ఎక్కినట్టేగా? పోనీవయ్యా."

చూన్‌యేకు కొండదారి ప్రయాణం పడదు. కొండల్లో పుట్టినదానికి కొండదారి పడకపోవడమేమిటని ఆడపడుచు ప్రతిసారీ నవ్వుతుంది. తను కొండల్లో పుట్టింది నడవడానికి గాని, సామాను మధ్య ఇరుక్కుని వంకర్లు తిరగడానికి కాదని చూన్‌యే ఎన్నడూ బదులు చెప్పలేదు. అత్తవారైన లూ వాళ్ళింట్లో ఆమెకు నోట్లో నాలుక లేదని పేరు. మణికట్టు మీద అల్లం ముక్క పెట్టి చేతిగుడ్డతో కట్టుకుంది, కమలాతొక్క ముక్కు దగ్గర పట్టుకుంది, ప్లాస్టిక్ సంచీ ఒకటి ఒడిలో సిద్ధంగా ఉంచుకుంది.

అయినా ఆవేళ ఆమె మనసు తేలిగ్గానే ఉంది. "నీ కొండలు చూసి ఎన్నేళ్ళయింది? ఈ వసంతంలో పిల్లని తీసుకుని అందరం పోదాం. దారిలో మీ అమ్మ సమాధి దగ్గర ఆగుదాం" అని మొగుడు గ్వాంగ్‌పే తనంతట తనే అన్నాడు. అడక్కుండా ఆ మనిషి నోటి నుంచి అటువంటి మాట రావడం అదే మొదలు. వారం రోజులు ఆమె ఆ మాటనే తలుచుకుని కూనిరాగాలు తీసింది, నువ్వులు వేయించింది.

పక్కన కూతురు షువాంగ్ కూర్చుంది. జింగ్‌జౌ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతుంది. వారం పొడుగునా అడిగి అడిగి సెలవు తెచ్చుకుంది.

"అమ్మమ్మకి నా బస్సు ఫోటో చూపిస్తానమ్మా. నువ్వు కాగితాలు ముట్టించు, నేను ఫోను పట్టుకుంటా" అంది.

"సమాధికి ఫోను చూపిస్తావా?"

"ఎందుకు చూడదూ? కొత్త కరెంటు బస్సు. ఊళ్ళో ఎవరికీ ఇంకా ఇవ్వలేదు."

చూన్‌యే నవ్వింది. నవ్వితే కడుపులో తిప్పడం కాస్త తగ్గింది.

మైదానం దాటి కొండలు మొదలయ్యే చోట, రోడ్డు పక్క విశ్రాంతి ఆవరణలో వ్యాను ఆగింది. టీ ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు పట్టుకునే కుళాయి దగ్గర నిండైన ఒక పెద్దావిడ ఊదారంగు శాలువా కప్పుకుని నిలబడి ఉంది, పక్కన కళ్ళద్దాల కుర్రాడు. యూమే ఆవిణ్ణి చూసి రెండు చేతులూ చరిచింది.

"అరెరె! దింగ్ గారూ! మీరిక్కడా! ఏమిటీ విచిత్రం!"

"అవునవును, ఎంత విచిత్రం!" అంది ఆ దింగ్ గారు. ఆవిడకు నటన బొత్తిగా రాదు. ఒక పక్క విచిత్రపడుతూనే కళ్ళు మాత్రం షువాంగ్‌ను కాళ్ళ నుంచి జుట్టు దాకా కొలిచాయి. "మావాడు కై. టైల్సు షాపు చూసుకుంటాడు. మేమూ అటే వెళ్తున్నాం, మా బస్సేమో ఇక్కడే చెడిపోయింది."

చెడిపోయిన బస్సేదీ ఆవరణలో కనిపించలేదు. వ్యానులో మాత్రం రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నలుగురికి అంత పెద్ద బండి ఎందుకని బయలుదేరేటప్పుడు చూన్‌యే అడిగితే, కాళ్ళు చాపుకోవచ్చులే అన్నాడు గ్వాంగ్‌పే. ఇప్పుడతను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. పెళ్ళాం వైపు మాత్రం చూడడం లేదు.

చూన్‌యేకు ఒళ్ళు మండిపోయింది. కొండలు చూపిస్తానన్నది ఇందుకన్నమాట. అమ్మ సమాధి పేరు చెప్పి తనని ఎక్కించారు, తన పేరు చెప్పి పిల్లని ఎక్కించారు. చచ్చిపోయిన తల్లిని ఎరగా గుచ్చి పిల్లకి గాలం వేశారు.

షువాంగ్ అందరికంటే ముందే గ్రహించింది. చేతులు కడుక్కునే చోట తల్లిని పట్టుకుంది.

"నీకు తెలుసా?"

"తెలీదే."

"అమ్మా, నా కళ్ళలోకి చూసి చెప్పు. పెళ్ళిచూపులని చెబితే నేను రానని, అమ్మమ్మ పేరు చెప్పావు కదూ?"

"నీ మీద ఒట్టు, నాకు..."

"నాన్న సంగతి తెలుసు, అత్త సంగతీ తెలుసు. నువ్వు కూడానా?" అని చేతులు దులుపుకుని షువాంగ్ వెళ్ళిపోయింది. మళ్ళీ వ్యాను ఎక్కినప్పుడు తల్లి పక్కన కూర్చోలేదు. సామాను అవతల మూలసీట్లోకి జరిగి కిటికీకి తల ఆనించుకుంది. ఆడపడుచు చేసిన మోసం కన్నా, మొగుడి పిరికితనం కన్నా ఆ ఖాళీ సీటే చూన్‌యేను ఎక్కువ కోసింది. తను ఈ కుట్రలో లేనని పిల్లకి ఎలా తెలియజెప్పాలో ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం లోయ అంచున రాతి మెట్లదారిలో నడిచారు. కింద ఎక్కడో ఏరు, పైన మబ్బుల్లోకి పోయిన రాతిస్తంభాలు, దారి పొడుగునా టోపీల జనం. చూన్‌యేకు లోయ చూసే తీరికెక్కడిది? రెండు భుజాలకూ సంచులు, చేతిలో ఫ్లాస్కులు. యూమే మాత్రం ఒక చేత్తో మేనకోడల్ని, ఇంకో చేత్తో కైని పట్టుకుని ముందు నడుస్తోంది. వెనక దింగ్ గారు ఆయాసపడుతూనే ప్రశ్నలడుగుతోంది.

"అమ్మాయి ఏ ఆఫీసులో అన్నారు?"

"రవాణా ఆఫీసండీ. సిటీ రవాణా" అంది యూమే చటుక్కున.

"బస్సు నడుపుతానండీ" అంది షువాంగ్.

దింగ్ గారు మెట్టు మీద ఆగిపోయింది. "బస్సా? ఆడపిల్ల? అంత పెద్ద చక్రం పట్టుకునా?"

"అదేదో నాలుగు రోజుల సరదా లెండి! పెళ్ళయ్యాక మానేస్తుంది. టైల్సు షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలదూ?"

"మానను" అంది షువాంగ్.

"చూశారా, సిగ్గు" అని యూమే పెద్దగా నవ్వేసింది.

దింగ్ గారు నవ్వలేదు గాని పరీక్ష మాత్రం మానలేదు. విరామంలో ఉడకబెట్టిన గుడ్డొకటి ఒలిచి షువాంగ్ చేతిలో పెట్టి, తినేదాకా పళ్ళ వైపే చూసింది. జలుబు ఎన్నిసార్లు చేస్తుందో, నెలసరి సరిగా వస్తుందో లేదో అంత జనంలోనే అడిగింది. అంగట్లో సొరకాయకు గోరు గుచ్చి చూసినట్టు పిల్ల భుజం నొక్కి చూసింది. గ్వాంగ్‌పే లోయలోకి చూస్తూ, "అబ్బ, ఎంత లోతో!" అన్నాడు. ఆ మాట పదిసార్లన్నా అని ఉంటాడు.

"చూన్‌యే! నువ్వు ఫోటోలు తియ్యి. అందరూ దగ్గరికి జరగండి, కుటుంబం లాగా!" అంది యూమే.

చూన్‌యే సంచులు దించి ఫోను తీసుకుంది. కుటుంబమట. కుటుంబంలో లేనిది సంచులు మోసే తనొక్కతేనన్నమాట. ఆమె ఓపిగ్గా గురిచూసి, యూమే తల అంచుకు అవతల పడేలా, మెడ దాకా మాత్రమే వచ్చేలా ఫోటోలు తీసింది. ఒకటి కాదు, తీసినవన్నీ అలాగే తీసింది. తన చేతిలో ఉన్నది ఆ పాటి కసి మాత్రమే.

ఆ రాత్రి చిన్న పట్నంలో ఆగి, మర్నాడు పొద్దున్న మళ్ళీ బయలుదేరారు. ఎండ ఎక్కేసరికి తేయాకు తోటలు కనిపించాయి. మట్టి రంగు మారింది, గాలిలో పొగపెట్టిన మాంసం వాసన వచ్చింది. చూన్‌యే కమలాతొక్క పక్కన పడేసి కిటికీ దింపుకుంది. ఇంకో రెండు మలుపులు దాటితే పాత రాతివంతెన, దాని పక్కన ఎడమకు చీలిన మట్టిరోడ్డు.

"అదిగో, అక్కడ ఎడమకి బాబూ" అంది ఆమె. డ్రైవరు వేగం తగ్గించాడు.

"ఎడమకేమిటి? తిన్నగా పో" అంది యూమే.

"వదినా, అమ్మ సమాధి..."

"గుహలోకి పోయే ఆఖరి పడవ తప్పిపోదూ? దింగ్ గారు పడవ కోసమేగా వచ్చింది. పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు చూన్‌యే, అక్కడే ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలే."

"తిరిగొచ్చేది పెద్దరోడ్డు మీద కదా? ఈ దారి తగలదుగా?"

"అబ్బాయ్ గ్వాంగ్‌పే, నువ్వు చెప్పరా" అంది యూమే.

గ్వాంగ్‌పే నీళ్ళు నమిలాడు. "అక్క చెప్పింది కూడా... ఇంకోసారి మనిద్దరమే వద్దాంలే."

డ్రైవరు అద్దంలోంచి చూన్‌యేను ఒకసారి చూశాడు. తర్వాత వంతెన వెనక్కి పోయింది, మట్టిరోడ్డూ వెనక్కి పోయింది. ముందుసీటు కింద చెప్పుల బరువుకు నువ్వుండలు చిట్లిన చప్పుడు ఆమెకు వినిపించింది, లేదా వినిపించినట్టు అనిపించింది. ప్లాస్టిక్ సంచీలోకి వంగి ఆమె కక్కుకుంది. షువాంగ్ ఇటు తిరిగి నీళ్ళ సీసా అందించింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

గుహ చూశారు, పడవ ఎక్కారు. పొద్దు వాలుతుండగా కర్రల మీద నిలబెట్టిన ఇళ్ళున్న ఒక ఊళ్ళో బసకు దిగారు. రాతిపలకల వాకిట్లో బల్లలు వేసి భోజనం పెట్టారు. బంగాళదుంపలు కలిపిన అన్నం, పొగపెట్టిన పందిమాంసం, సోయా పిప్పి పులుసు. చూన్‌యేకు చిన్నప్పటి తిండి అది. ఒక్క ముద్ద తిని గిన్నె పక్కకు జరిపేసింది.

భోజనం మధ్యలో దింగ్ గారు సంచీలోంచి ఎర్ర గుడ్డ మూట తీసి విప్పింది. లేత ఆకుపచ్చ రాతిగాజు. యూమే చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"మా అత్తగారు నాకు పెట్టింది" అంది దింగ్ గారు. "బస్సు సంగతి నాకు నచ్చలేదు, ఆ మాట దాచను. అయితే మానేస్తుందని యూమే గారు పూచీ పడ్డారు. మావాడి పెళ్ళి జాతకరీత్యా ఈ ఏడాది దాటకూడదు."

"నేనేం పూచీ పడలేదు" అంది షువాంగ్ లేచి.

"కూర్చో! పెద్దవాళ్ళు గాజు చేతిలో పట్టుకుని ఉంటే లేస్తావా?" యూమే ఆమెను భుజం పట్టి కూలేసింది. "ముందు కొలత చూద్దాం. కొలతేగా, కొరుకుతుందా ఏమిటి?"

గాజు వేళ్ళు దాటి బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. రోజంతా చక్రం తిప్పే చెయ్యి అది, వెడల్పాటి చెయ్యి. "చిన్నదండీ" అన్నాడు కై, మొదటిసారి నోరు విప్పి. వాళ్ళమ్మ చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాడు. యూమే గబగబా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే సబ్బునీళ్ళు చిప్పలో తెచ్చింది. పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుని సబ్బు పోసి, గాజును పక్కకు తిప్పుతూ తోసింది.

"అత్తా, నొప్పి!"

"ఒక్క నిమిషం ఓర్చుకో. మా అందరికీ ఇలాగే ఎక్కించారు."

"నొప్పంటుంటే వినిపించదా వదినా?" చూన్‌యే లేచింది. గ్వాంగ్‌పే ఆమె చొక్కా అంచు పట్టుకుని, "నలుగురిలో గొడవెందుకే" అని గొణిగాడు. ఆమె ఆ చెయ్యి విదిలించుకునేలోగా ఎముక మీద చర్మం ముడుచుకుని, గీసుకుని, గాజు మణికట్టు మీదకు జారిపోయింది. యూమే చేతులు చరిచింది. దింగ్ గారు తృప్తిగా తలూపింది. షువాంగ్ ఎర్రబడ్డ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్న చూపు.

అటువంటి చూపు చూసే కన్నా కూతురు చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది చూన్‌యేకు.

గిన్నెలు తీశాక అదే వాకిట్లో దీపాలు వెలిగించారు. ఊరి ఆడవాళ్ళు నల్లని తలగుడ్డలు చుట్టుకుని, గంటా డప్పూ పట్టుకుని వచ్చారు. ఆ ఊరికి వచ్చే వాళ్ళందరికీ పెళ్ళి ఏడుపు చూపిస్తారు. కొండల్లో పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళే ముందు ఏడవాలి. తల్లి ఏడవాలి, అప్పచెల్లెళ్ళు ఏడవాలి, ఏడుపంతా పాటలోనే ఏడవాలి. చూన్‌యే పుట్టిన ఊళ్ళో అది నిజంగానే జరిగేది. ఇక్కడిప్పుడు భోజనం తర్వాత జరుగుతోంది.

"వచ్చినవాళ్ళలో పెళ్ళికూతురు ఎవరవుతారు?" అని జట్టుకు పెద్దయిన ముసలమ్మ అడిగింది.

"ఇదిగో, ఇదిగో! ఇప్పుడే గాజు ఎక్కింది!" యూమే షువాంగ్‌ను లేపి ముందుకు తోసింది. వాకిట్లో ఇతర బల్లల వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ముసలమ్మ షువాంగ్ తల మీద ఎర్రగుడ్డ కప్పి బల్ల మీద కూర్చోబెట్టింది. "ఏడవమ్మా" అంది.

"నాకు రాదు" అంది షువాంగ్ గుడ్డ కింద నుంచి. జనం నవ్వారు.

"అయితే తల్లి రావాలి. తల్లెవరు?"

"ఆమెకు ఇవన్నీ సిగ్గండీ, నోట్లోంచి మాట రాదు. నేనొస్తా" అంటూ యూమే జుట్టు సర్దుకుని ముందుకెళ్ళింది.

"నువ్వు తల్లివి కావుగా. ఏమవుతావు?"

"మేనత్తని. ఈ సంబంధం తెచ్చిందే నేను!"

ముసలమ్మ కళ్ళు మెరిశాయి. "పెళ్ళిళ్ళ పేరమ్మవా! అలా చెప్పు. నీ చోటు ఇదీ" అని పొట్టి వెదురుపీట ఒకటి తెచ్చి పెళ్ళికూతురి ఎదురుగా వేసింది. "పద్ధతి తెలుసా తల్లీ?"

"ఎన్ని పెళ్ళిళ్ళు కుదిర్చానో మా తమ్ముణ్ణి అడగండి. నాకు పద్ధతి చెబుతారా!" యూమే పీట మీద దర్జాగా కూర్చుని, "ఫోటోలు తియ్యరా!" అని తమ్ముడికి కేకేసింది.

మైదానం మనుషులకు ఆ పీట సంగతి తెలీదు. పెళ్ళి ఏడుపులో పేరమ్మను తిట్టే ఘట్టం ఒకటుంది. సంబంధం తెచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మొహం మీదే, ఊరందరి ముందూ తిట్టవచ్చు. అప్పటి వరకూ నోరెత్తని ఆడదైనా సరే, ఆ కాసేపు ఆమెను ఆపే హక్కు ఎవరికీ లేదు. పీట మీది మనిషి నవ్వుతూ తిట్లు తినాలి. ఎంత నవ్వుతూ తింటే ఆ సంబంధం అంత గట్టి. ఓర్చుకోలేక ఎదురు మాటన్నదా, సంబంధం అక్కడికక్కడే చెల్లు.

ఆడపడుచు తన కాళ్ళతో తనే నడిచొచ్చి ఆ పీట మీద కూర్చుంది. చూన్‌యే లేచింది. ఈసారి గ్వాంగ్‌పే చొక్కా పట్టుకునేలోపే బల్లలు దాటింది. కూతురి పక్కన కూర్చుని, ముసలమ్మ అందించిన చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ ఆమె గుడ్డ పట్టుకున్న తీరు చూసి ఇంకేమీ అడగలేదు. గంట ఒక్కసారి మోగించింది.

మొదటి కూత గొంతులోంచి రాలేదు, ఎక్కడో కడుపు అడుగు నుంచి వచ్చింది. వాకిట్లో మాటలాగిపోయాయి.

"పేరమ్మా, ఓ పేరమ్మా,
మా పెరట్లో దోసకాయ తిన్నావు, వాళ్ళ పెరట్లో పుచ్చకాయ తిన్నావు,
తిన్న నోరు కడుక్కోకుండా ఇద్దరికీ ముద్దు పెట్టావు..."

ఆడవాళ్ళు "అయ్యో" అని అందుకున్నారు. జనం పగలబడి నవ్వారు. యూమే కూడా నవ్వింది. "అబ్బో, మన చూన్‌యేకు గొంతుందే!" అంది.

"పేరమ్మా, ఓ పేరమ్మా,
విశ్రాంతి ఆవరణలో విచిత్రమన్నావు, చెడిపోని బస్సు చెడిందనిపించావు,
మా అమ్మ సమాధి పేరు చెప్పి నన్ను ఎక్కించావు,
నా పేరు చెప్పి నా బిడ్డనెక్కించావు..."

ఎర్రగుడ్డ కింద షువాంగ్ కదిలింది. యూమే నవ్వు సగంలో నిలిచిపోయింది. దింగ్ గారి మొహం ఎర్రబడింది. గంట మోగింది.

"ముందుసీటు నీది, వెనక వాంతి నాది,
మా అమ్మ నువ్వుండల మీద నీ చెప్పుల ముద్ర,
దారి చీలిక దగ్గర నన్ను దింపలేదు,
పోయినవాళ్ళు ఎక్కడికీ పోరన్నావు,
పోయినవాళ్ళు వింటున్నారే పేరమ్మా..."

"ఇదేం పాట? ఇలాంటివి పాడతారా?" అంది యూమే అటూ ఇటూ చూసి, ఇంకా నవ్వు మొహానికి అతికించుకునే ఉంది. ముసలమ్మలంతా "అయ్యో" అంటూ ఊగుతున్నారు. వాళ్ళ కళ్ళు మాత్రం ఊగడం లేదు, పీట మీదే ఉన్నాయి.

చూన్‌యే కూతురి చెయ్యి తీసి పైకెత్తి పట్టుకుంది. దీపం వెలుతురులో గీసుకుపోయిన చర్మం అందరికీ కనిపించింది.

"ఈ చెయ్యి ఊరి జనాన్ని పనికి చేర్చే చెయ్యి, బడికి చేర్చే చెయ్యి,
బస్సు దాచి ఆఫీసన్నావు, నొప్పంటే ఓర్చుకోమన్నావు,
ఎంగిలి గిన్నెలు తోమే సబ్బు పోసి
నా బిడ్డకు సంకెల తొడిగావే పేరమ్మా,
నోట్లో నాలుక లేనిదని నా ముందే తొడిగావే..."

అక్కడ చూన్‌యేకు నిజంగా ఏడుపొచ్చేసింది. చరణం తెగిపోయింది. ఎర్రగుడ్డ కింద నుంచి, పాడడం రాని గొంతొకటి, అపశ్రుతిలోనే, "అయ్యో అమ్మా" అని అందుకుంది. షువాంగ్ వేళ్ళు తల్లి వేళ్ళను బిగించాయి.

యూమే పీట తన్నుకుంటూ లేచింది. "నోర్ముయ్! కొండల్లోంచి తెచ్చి కూడు పెట్టిన ఇంటినే తిడతావా? ఆ పిల్లకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, బస్సు తోలేదాన్ని ఎవడు చేసుకుంటాడు? కాళ్ళా వేళ్ళా పడి తెచ్చానే ఈ సంబంధం! సిగ్గుండాలి!"

గంట ఆగింది. డప్పూ ఆగింది. ముసలమ్మ తాపీగా వచ్చి వెదురుపీటను బోర్లించింది.

"పేరమ్మ ఎదురు మాటంది. చెల్లిపోయింది" అని షువాంగ్ తల మీది ఎర్రగుడ్డ తీసేసింది.

వాకిలంతా కేకలు, చప్పట్లు. ఇదంతా ఆటలో భాగమనే అనుకున్నారు జనం. "బాగా చేసింది పేరమ్మ, నిజం మనిషిలాగే ఉంది!" అన్నాడు పక్క బల్ల ఆయన. నవ్వనిది దింగ్ గారొక్కతే. "చెల్లిపోయిందంటే ఏమిటి? మంచిదా, చెడ్డదా?" అని వడ్డించే అమ్మాయిని పట్టుకుని అడిగింది. అమ్మాయి చెప్పింది విని శాలువా గుండెల మీదకి లాక్కుంది. "ఎవడూ చేసుకోడనా మా దగ్గరికి తెచ్చారు? పిల్లకి సంబంధాలు వరసకట్టి వస్తున్నాయని కదా నాతో చెప్పింది?" అని యూమే వైపు తిరిగింది.

కాసేపటికి తల్లీకూతుళ్ళున్న వాకిటి కుళాయి దగ్గరకు కై వచ్చాడు. "అమ్మ గాజు తీసుకురమ్మందండీ" అన్నాడు తల దించుకుని.

చూన్‌యే అప్పటికే వంటింట్లో అడిగి తేయాకు గింజల నూనె తెచ్చుకుంది. చన్నీళ్ళలో కూతురి చెయ్యి చల్లబడే దాకా ఉంచి, నూనె రాసి, బొటనవేలును అరచేతిలోకి మడిచి, కొంచెం కొంచెంగా గాజును తిప్పుతోంది. తొందరేమీ పడలేదు.

"ఆవరణలో బస్సు చెడిపోలేదండీ" అన్నాడు కై ఉన్నట్టుండి. "అసలివి పెళ్ళిచూపులని నాకూ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులు, ఈసారి కొండలు చూడకపోతే మళ్ళీ చూడలేనని అమ్మ ఏడిస్తే వచ్చాను."

షువాంగ్ తలెత్తి చూసింది. "నువ్వూ అమ్మ పేరు మీదే దొరికావా?" అంది. కైకి నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. గాజు నూనెతో జారి చూన్‌యే దోసిట్లో పడింది. ఆమె దాన్ని చొక్కా అంచుతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

అతను వెళ్ళాక షువాంగ్ తడి చేతిని తల్లి భుజానికి తుడుచుకుంది. "నీకు తెలుసని అన్నాను" అంది.

"అన్నావు."

"ఇంకెప్పుడూ అననమ్మా." కుళాయి కట్టేసి, "ఆ పాట ఎవరు నేర్పారు?" అంది.

"మీ అమ్మమ్మ. నా పెళ్ళికి పాడమని చలికాలమంతా కూర్చోబెట్టి నేర్పింది."

"మరి పాడావా?"

"మీ నాన్నకు నన్ను తెచ్చిందే మీ అత్త. పెళ్ళిలో ఏడిస్తే ఇంటికి అరిష్టం, కొండ వేషాలు మా దగ్గర వద్దంది. మీ అమ్మమ్మ పెళ్ళి పందిట్లో నోరు మూసుకుని కూర్చుంది."

పొద్దున్నే దింగ్ తల్లీకొడుకులు ఊరి బస్సెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళకు వీడ్కోలు చెప్పడానికి ఎవరూ బయటికి రాలేదు. గ్వాంగ్‌పే వ్యాను దగ్గర నిలబడి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. యూమే మొహం గంటు పెట్టుకుని వచ్చేసరికి ముందుసీట్లో చూన్‌యే కూర్చుని ఉంది.

"నాకు వెనక కూర్చుంటే తల తిరుగుతుంది" అంది యూమే.

చూన్‌యే మణికట్టు మీది కట్టు విప్పి అల్లం ముక్క ఇచ్చింది. ఒడిలోని ప్లాస్టిక్ సంచీ కూడా ఇచ్చింది. "కొత్త సంచీ వదినా. చిల్లు లేదు" అంది. యూమే తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఎప్పటిలాగే అటెటో చూశాడు. ఈసారి ఆ చూడకపోవడం అక్కకు సాయపడలేదు. ఆవిడ సామాను పక్క నుంచి ఒరుసుకుంటూ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

ముందు నుంచి చూస్తే ఆ దారి అంత వంకరగా లేదు. ముందే కనిపించే మలుపుకు కడుపు తిప్పదని చూన్‌యేకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఇన్నేళ్ళూ తెలియనివ్వలేదని మళ్ళీ ఒళ్ళు మండింది. నిన్నటి పాటతో కోపం చల్లారుతుందని ఆమె అనుకుంది గాని, చల్లారలేదు. పాడని చరణాలు ఇంకా చాలా ఉన్నాయి. గ్వాంగ్‌పేవి ఒక్కటీ పాడనే లేదు.

పెద్దరోడ్డు బోర్డు కనిపించింది. "కుడికి తిప్పితే తొందరగా చేరతాం" అంది యూమే, నోటికి సంచీ అడ్డం పెట్టుకుని.

"పాత రోడ్డు మీదే పో బాబూ" అంది చూన్‌యే. "వంతెన దగ్గర ఈసారి కుడికి."

డ్రైవరు అద్దంలోకి చూడలేదు, ఎవరినీ అడగలేదు. పాత రోడ్డుకే తిప్పాడు. వెనక గ్వాంగ్‌పే ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు. చూన్‌యే తిరిగి చూసింది. ఎప్పుడు తీసుకున్నాడో, గుడ్డసంచీ అతని ఒళ్ళో ఉంది. మీదున్న చెప్పుల మట్టిని అరచేత్తో తుడుస్తున్నాడు.

"ఉండలు నలిగిపోయాయి చూన్‌యే" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు" అంది ఆమె. "నలిగినవే పెడతాను. ఎవరు తొక్కారో కూడా చెప్పి పెడతాను. ఎవరు చూస్తూ కూర్చున్నారో కూడా."

అతను తల దించుకుని తుడుస్తూనే ఉన్నాడు. షువాంగ్ వెనక నుంచి వంగి ఫోను తల్లి భుజం మీదుగా చాపింది. తెరనిండా ఆమె బస్సుంది. ఎదర రాతివంతెన కనిపించింది, డ్రైవరు కుడికి తిప్పాడు.